ఫాల్స్ సీలింగుకు పైనా, కిందా? స్ప్రింక్లర్ల అమరికలో దుకాణదారులు తెలుసుకోవలసిన సంగతులు

స్ప్రింక్లర్ అనే మాట వినగానే మీలో చాలామందికి వేరుశనగ చేను గుర్తుకు వస్తుంది. గొట్టాలు పరచి మోటారు వేస్తే, గిరగిర తిరుగుతూ వాన చినుకుల వలె నీటిని చల్లే ఆ సాధనాన్ని బ్యాంకు ఋణంతో అమర్చుకున్న రైతులు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. ఈ వ్యాసంలో చెప్పబోయేది దాని దాయాదిని గురించి. ఇది చేనులో కాక దుకాణంలో, గోదాములో పైకప్పు వద్ద ఉంటుంది. దీనికి రోజూ పని ఉండదు. ఇరవై ఏళ్ళు ఊరక ఉండి, ఏదో ఒకనాడు నిమిషాల వ్యవధిలో తన పని చేయవలసి రావచ్చు. చేనులో గొట్టం తప్పుగా పరిస్తే ఒక మూల తడవకుండా మిగిలిపోతుంది, మరునాడు సరిచేసుకోవచ్చు. దుకాణంలో ఆ మరునాడు ఉండదు.

గడచిన కొన్నేళ్ళలో మండల కేంద్రాలలోని బట్టల దుకాణాల రూపు మారిపోయినది. ఒకప్పుడు నేల మీద తెల్లని పరుపు, గోడ వెంట చెక్క బీరువాలు, పైన స్లాబు, స్లాబుకు ఫ్యాను ఉండేవి. ఇప్పుడు చిన్న పట్టణాలలో సైతం ఏసీలు, అద్దాల తలుపులు, వాటితోపాటు ఫాల్స్ సీలింగు వచ్చి చేరినవి. దుకాణం బాగుచేయించుకొనేందుకు వేసే అంచనాలలో సీలింగు పని అనే పద్దు తప్పక కనిపిస్తుంది. అగ్నిప్రమాద రక్షణకు సంబంధించిన పద్దు మాత్రం అరుదు. కనిపించినా అది గోడకు తగిలించే రెండు ఎర్రని సిలిండర్లతో ముగుస్తుంది. ఈ రెండు పద్దులూ వేరు వేరు కావని, ఒకదానిని మార్చితే రెండవది కూడా మారక తప్పదని మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూరత్ మనకు పరాయి ఊరు కాదు

మీ దుకాణంలోని సింథటిక్ చీరలలో ఎక్కువ భాగం ఎక్కడి నుండి వచ్చినవో మీకు చెప్పనక్కరలేదు. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల పేర్లు మన వస్త్ర వ్యాపారులకు కంఠపాఠం. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాల మీద బ్రతుకుతున్నవి. ఆ ఊరిలో నిప్పు రాజుకుంటే ఆ వేడి మన ఇళ్ళ దాకా వస్తుంది.

2019 మే 24వ తేదీ మధ్యాహ్నం సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ అనే వాణిజ్య సముదాయంలో మంటలు చెలరేగినవి. పై అంతస్తులో శిక్షణ తరగతులు నడుస్తున్నవి. 22 మంది ప్రాణాలు కోల్పోయినారు. వారిలో అత్యధికులు విద్యార్థులు. కిందికి దారి లేక పిల్లలు కిటికీల నుండి దూకుతున్న దృశ్యాలను దేశమంతా చూసినది. ఆ పై భాగం అసలు కట్టడంలోనిది కాదు, తరువాత చేర్చినది. పైకప్పు ఎంత తక్కువ ఎత్తులో ఉన్నదంటే కుర్చీలు వేసేందుకు వీలులేక టైర్ల మీద పిల్లలను కూర్చుండబెట్టినారని అప్పుడు వెల్లడైనది. పైకి పోయే చెక్కమెట్లు కాలిపోయినవి. కప్పుకు వాడిన తేలికపాటి సామగ్రి, ఫ్లెక్సీలు మంటకు మేత అయినవి. ఖర్చు తగ్గుతుందని, చూపులకు బాగుంటుందని తల మీదికి ఎక్కించే ప్రతి వస్తువు గురించీ ఒక ప్రశ్న వేసుకొనక తప్పదని ఆ సంఘటన చెప్పినది. ఇది అంటుకుంటే ఏమవుతుందన్నదే ఆ ప్రశ్న.

తరువాత ఎనిమిది నెలలకు, 2020 జనవరి 21వ తేదీన, అదే నగరంలో పదంతస్తుల రఘువీర్ వస్త్ర మార్కెట్ తగలబడినది. అదృష్టవశాత్తు తెల్లవారుజామున జరిగినందున ప్రాణనష్టం లేదు. అగ్నిమాపక శకటాలు పదుల సంఖ్యలో రావలసి వచ్చినది. ఆపై 2025 ఫిబ్రవరి చివరిలో రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ వంతు వచ్చినది. 25వ తేదీన అడుగు అంతస్తులో పుట్టిన మంట ఒకరిని బలిగొన్నది. ఆర్పినారనుకున్న మరునాడే పై అంతస్తులలో మళ్ళీ మంట లేచి, వందలాది దుకాణాలను బూడిద చేసినది. పాలియెస్టర్ బట్ట కాలే తీరు నూలు బట్ట వంటిది కాదు. అది కరుగుతుంది, కారుతుంది, కారిన చోట మళ్ళీ అంటుకుంటుంది, దట్టమైన నల్లని పొగ విడుస్తుంది. చీరల కట్టల మధ్య దాగిన నిప్పును బయటి నుండి ఎంత నీరు కొట్టినా ఒక పట్టాన చేరలేము.

మన చెంతకు వస్తే, 2023 మార్చి 16వ తేదీ రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయినారు. వారంతా ఉద్యోగాల కోసం తెలంగాణ జిల్లాల నుండి నగరానికి వచ్చినవారు.

ఈ భవనాలలో ఫలానా చోట ఒక స్ప్రింక్లర్ ఉండి ఉంటే ఇందరు బ్రతికేవారని లెక్క కట్టడం మా ఉద్దేశం కాదు. అది దర్యాప్తు అధికారుల పని. మంట చిన్నదిగా ఉన్నప్పుడే, మనిషి కోసం ఎదురు చూడకుండా, దాని నెత్తిన నీరు పోసే సాధనం ఒకటున్నదనీ, దానిని తప్పు చోట పెడితే డబ్బు దండగనీ చెప్పడం వరకే మా పని.

వేడి ఎటు పోతుంది?

ముందుగా ఆ సాధనం పనిచేసే తీరు చూడండి. గొట్టం చివర ఇత్తడి మూతి ఉంటుంది. దానిలో నీటిని అడ్డగించే బిరడా, ఆ బిరడాను నొక్కి పట్టి చిటికెనవేలి కంటె సన్నని గాజు గొట్టం, ఆ గాజులో రంగు ద్రవం ఉంటాయి. వేడికి ద్రవం వ్యాకోచించి గాజును పగులగొడుతుంది. బిరడా ఊడుతుంది. నీరు కింద ఉన్న పళ్ళ చక్రానికి తగిలి గొడుగు ఆకారంలో చిమ్ముతుంది. కరెంటుతో గాని, గంటతో గాని, మనిషితో గాని ఆ మూతికి నిమిత్తం లేదు. సినిమాలలో ఎవరో సిగరెట్టు ముట్టించగానే భవనమంతా వాన కురిసినట్లు చూపుతారు. అది కల్పన. పొగకు గాజు పగలదు. వేడి తగిలిన మూతి ఒక్కటే తెరచుకుంటుంది, మిగిలినవి మూసియే ఉంటాయి. చాలా మంటలు ఒకటి రెండు మూతులతోనే అదుపులోకి వస్తాయి. సరుకంతా తడిసిపోతుందనే భయంతో స్ప్రింక్లర్లు వద్దనే వ్యాపారులు ఈ సంగతి గ్రహించవలెను. ఈ సాధనాన్ని వాడుకలోకి తెచ్చినవాడు కూడా ఒక వ్యాపారియే. అమెరికాలోని న్యూహేవెన్‌లో పియానోలు తయారుచేసే హెన్రీ పార్మలీ 1874లో తన కర్మాగారాన్ని కాపాడుకొనేందుకు దీనిని అమర్చుకున్నాడు. ఆ తరువాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దానిని మెరుగుపరచినాడు.

ఇక వేడి నడక. మంట నుండి లేచిన వేడిగాలి నిట్టనిలువుగా పైకి పోయి, కప్పుకు తగిలి, నలువైపులకూ పలుచని పొరగా పాకుతుంది. ఆ పొర మందం కప్పు ఎత్తులో సుమారు పదవ వంతు. అనగా 3 మీటర్ల ఎత్తు గల గదిలో ఒక అడుగు మాత్రమే. గాజు గొట్టం ఆ పొరలో మునిగి ఉంటేనే వెంటనే పగులుతుంది. పళ్ళ చక్రం కప్పు నుండి 75 మొదలు 150 మిల్లీమీటర్ల లోపు, అనగా మూడు నుండి ఆరంగుళాల దూరంలో ఉండవలెనని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే. అంతకు కిందికి దించితే వేడి దాని పై నుండి దాటిపోతుంది, విలువైన నిమిషాలు వ్యర్థమవుతాయి.

ఇప్పుడు ఆ గదికి మీరు ఫాల్స్ సీలింగు వేయించినారనుకోండి. స్లాబు కింద రెండడుగుల దిగువన జిప్సమ్ పలకలు వచ్చినవి. పాత స్ప్రింక్లర్లు స్లాబును అంటి పైననే ఉండిపోయినవి. బిగించినవాడు వాటిని కదపలేదు, ఎందుకంటే అది అతని పని కాదు. గొట్టాలవాడు అప్పటికే డబ్బు తీసుకొని వెళ్ళిపోయినాడు. దుకాణంలో మంట పుడితే వేడి పలకల కింద పాకుతుంది. పైన ఉన్న స్ప్రింక్లరుకు ఆ సంగతి తెలియదు. పలకలు కూలి వేడి పైకి చేరే వేళకు కింద మీ బీరువాలు మిగలవు. ఒకవేళ అప్పుడు గాజు పగిలినా నీరు మిగిలిన పలకల మీద పడి పక్కకు జారుతుంది. గొట్టం, పంపు, తొట్టి అన్నీ ఉన్నా మంటకు నీరు చేరదు. కాగితం మీద మాత్రం ఆ దుకాణానికి స్ప్రింక్లర్ల ఏర్పాటు ఉన్నట్లే.

కావున మొదటి నియమం సులభమైనది. మూసి ఉన్న ఫాల్స్ సీలింగు వేస్తే, స్ప్రింక్లర్ ఆ సీలింగు కిందికి రావలెను. గొట్టం పైననే ఉంటుంది. ప్రతి మూతికీ ఒక చిన్న కాడ కిందికి దిగి, పలకలోని రంధ్రం గుండా తల బయట పెడుతుంది. రంధ్రం చుట్టూ ఉండే లోహపు బిళ్ళ కేవలం అలంకారం కాదు. అది లేకుంటే వేడిగాలి సందులో నుండి పైకి జారుకుంటుంది. గొట్టాల బరువును స్లాబుకు గట్టిగా బిగించిన కొక్కేలే మోయవలెను. సీలింగు తీగలకు గొట్టం కట్టడం మేము కొన్ని చోట్ల చూచినాము. అది రెండింటికీ చేటు.

రెండవది, పైన మిగిలిన ఖాళీ సంగతి. సీలింగుకూ స్లాబుకూ మధ్య ఉన్న ఆ చీకటి గదిలో కరెంటు తీగలు, ఏసీ గొట్టాలు, ఎలుకలు, ఒక్కొక్కసారి దాచిన అట్టపెట్టెలు కూడా ఉంటాయి. నిప్పు అక్కడే పుడితే కిందివారికి చాలాసేపు తెలియదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం, స్ప్రింక్లర్లు తప్పనిసరి అయిన భవనంలో ఈ ఖాళీ 800 మిల్లీమీటర్ల కంటె ఎత్తుగా ఉంటే దానికి కూడా స్ప్రింక్లర్లు అమర్చవలసి ఉంటుంది. అంతకంటె తక్కువ ఉన్నా, లోపల చెక్క చట్రం, థర్మోకోల్ వంటి కాలే సామగ్రి ఉంటే అమర్చడమే న్యాయం. అప్పుడు ఒకే గొట్టానికి పైవైపు ఒక మూతి, కిందివైపు ఒక మూతి వస్తాయి. ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు తప్పించుకొనేందుకు దగ్గర దారి ఒకటున్నది: ఖాళీని 800 మిల్లీమీటర్ల లోపుగా ఉంచి, చట్రానికి చెక్క బదులు ఇనుప రేకు వాడి, పలకలకు జిప్సమ్ వంటి కాలని వస్తువును ఎంచుకొని, తీగలను లోహపు గొట్టాలలో నడిపించడం. థర్మోకోల్ పలకలను, పీవీసీ పట్టీలను తల మీద పరచుకొనవద్దని మా గట్టి సలహా. చవకగా వస్తాయన్న మాట నిజమే. తక్షశిల ఆర్కేడ్ పైకప్పు కూడా చవకగానే వచ్చినది.

మూడవది జాలీ సీలింగు. ఈ మధ్య పెద్ద దుకాణాలలో గళ్ళు గళ్ళుగా, పైన ఉన్నదంతా కనిపించే సీలింగు వేస్తున్నారు. దీనిలో వేడి పైకి పోగలదు, నీరు కిందికి రాగలదు. కాబట్టి పై స్ప్రింక్లర్లు చాలునని అమ్మేవారు చెబుతారు. అది ఒక షరతుకు లోబడిన మాట. దీపాల బిగింపులతో సహా లెక్కించి సీలింగు విస్తీర్ణంలో కనీసం 70 శాతం తెరచి ఉండవలెను. ఒక్కొక్క గడి వెడల్పు 25 మిల్లీమీటర్లకు తగ్గరాదు, ఆ జాలీ మందానికి కూడా తగ్గరాదు. చూడడానికి తెరచినట్లున్నా లెక్కకు సగం కూడా తెరవని జాలీలు బజారులో ఎన్నో ఉన్నవి. అట్టివి వేసుకుంటే దానిని మూసిన సీలింగు కిందనే జమకట్టి, దిగువన వేరే స్ప్రింక్లర్లు పెట్టించుకొనవలెను.

పలకల లెక్క

ఇంజినీర్ల నియమాలు మీటర్లలో ఉంటాయి. సీలింగు పని రెండడుగుల పలకలలో నడుస్తుంది. తప్పులు ఎక్కువగా ఈ రెండింటి నడుమనే దొర్లుతాయి. ఒక ఉదాహరణ చూడండి.

సాధారణ ప్రమాద తరగతి అని పిలిచే దుకాణాలకు ఒక్కొక్క స్ప్రింక్లర్ గరిష్ఠంగా 12 చదరపు మీటర్లు కాపాడగలదు. రెండింటి మధ్య దూరం 4 మీటర్లకు, గోడ నుండి దూరం 2 మీటర్లకు మించరాదు. మీ దుకాణం 9 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు అనుకుందాము. విస్తీర్ణం 108 చదరపు మీటర్లు. 12తో భాగిస్తే 9 స్ప్రింక్లర్లు. పొడవున 4 మీటర్లకొకటి చొప్పున మూడు, వెడల్పున 3 మీటర్లకొకటి చొప్పున మూడు. లెక్క కాగితం మీద సరిగ్గా కుదిరినది, కాంట్రాక్టరు ధర కూడా తక్కువ చెప్పినాడు.

కాని పలకలు 600 మిల్లీమీటర్లవి. మూతి పలక మధ్యలో వస్తేనే అందంగా ఉంటుందని సీలింగువాడు పట్టుబడతాడు. 4 మీటర్ల దూరం ఆరు పలకలకు ఎక్కువ, ఏడు పలకలకు తక్కువ. ఏడు పలకలైతే 4.2 మీటర్లు; నియమం తప్పినది. ఆరు పలకలైతే 3.6 మీటర్లు, అప్పుడు చివరి మూతికీ గోడకూ మధ్య 2 మీటర్ల కంటె ఎక్కువ మిగులుతుంది, మళ్ళీ నియమం తప్పినది. పైగా ఒక చోట దీపం, మరొక చోట ఏసీ జాలీ అడ్డు వచ్చి మూతిని ఇంకొక పలక పక్కకు జరుపుతారు. కాబట్టి ఇట్టి దుకాణానికి 9 కాక 12 పెట్టించుకొనడమే మంచిది: పొడవున 3 మీటర్లకొకటి, అనగా ఐదు పలకలకొకటి చొప్పున నాలుగు, వెడల్పున అదే దూరంలో మూడు, గోడ నుండి మీటరున్నర. ఒక్కొక్కదాని కింద 9 చదరపు మీటర్లే వస్తాయి. ఏదైనా ఒక పలక అటు ఇటు జరిగినా మూతుల మధ్య దూరం 4 మీటర్లకు మించదు. ఆ అదనపు మూడు మూతుల ధర మీ సీలింగులోని దీపాల ఖర్చుతో పోల్చితే చాలా తక్కువ.

ఈ లెక్క అమ్మకపు గదికి మాత్రమే. బేళ్ళు ఎత్తుగా పేర్చే గోదాము అధిక ప్రమాద తరగతి కిందకు వస్తుంది. అక్కడ ఒక్కొక్కదానికి 9 చదరపు మీటర్లే గరిష్ఠ పరిమితి, నీటి పరిమాణం కూడా చాలా ఎక్కువ కావలెను. భారత ప్రమాణం ఐఎస్ 15105 తెలిసిన ఇంజినీరు చేత లెక్క కట్టించకుండా గోదాముకు స్ప్రింక్లర్లు వేయించవద్దు. అసలు గోదాముకు ఫాల్స్ సీలింగు ఎందుకో మాకు అర్థం కాదు. సరుకుకు అందం అక్కరలేదు కదా. స్లాబును అట్లాగే వదలివేస్తే సగం చిక్కులు తీరుతాయి.

నీటి గొడుగు విచ్చుకొనేందుకు చోటు కావలెను. మూతి కింద అర మీటరు, ఎత్తుగా పేర్చే గోదాములలో ఒక మీటరు ఖాళీ వదలవలెను. దసరా, దీపావళి సరుకు దిగినప్పుడు బీరువాల నెత్తిన సీలింగును తాకేదాకా పెట్టెలు ఎక్కించడం మన అలవాటు; ఆ పెట్టెల వెనుక పుట్టిన మంటకు నీరు అందదు. తరువాత గది మధ్యలో చెక్క అడ్డు కట్టి బట్టలు మార్చుకొనే గదులు చేసినా, యజమాని కూర్చొనే అద్దాల గది కట్టినా, ఆ గదులు ఒక్కొక్కటీ వేరే గదియే. వాటి లోపల మూతి లేకుంటే అక్కడికి నీరు రాదు. స్తంభం, దూలం, వేలాడే దీపం వంటివి మూతికి దగ్గరగా ఉంటే వాటి వెడల్పుకు కనీసం మూడు రెట్లు దూరం జరగవలెనని ఒక మోటు లెక్క ఉన్నది. ఒక మీటరు కంటె వెడల్పైన ఏసీ గొట్టం సీలింగు కింద నడిస్తే దాని కింద కూడా ఒక మూతి ఉండవలెను.

మన ఎండలు, గాజు రంగులు

గాజులోని ద్రవం రంగు అలంకారం కోసం కాదు. నారింజ రంగు 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పగులుతుందని దాని అర్థం. ఆ చోట మామూలుగా ఉండే అత్యధిక వేడి కంటె సుమారు 30 డిగ్రీలు ఎక్కువ గల మూతిని ఎంచుకొనవలెనన్నది సూత్రం. ఏసీ దుకాణంలో ఎరుపు చాలును. కాని రేకుల కప్పు గల షెడ్డులో ఫాల్స్ సీలింగుకు పైన ఉన్న గాలి ఆడని ఖాళీ సంగతి వేరు. మన వైపు మే నెలలో బయటనే 45 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద అంతకంటె ఎంతో ఎక్కువ. అక్కడ ఎరుపు మూతి పెడితే నిప్పు లేకుండానే పగిలి మీ సీలింగును తడిపివేయగలదు. పై ఖాళీలో పసుపు గాని ఆకుపచ్చ గాని వాడవలెను. గొట్టాలవాడు ఒకే పెట్టెలోని మూతులను పైనా కిందా బిగించి వెళ్ళకుండా మీరే రంగు చూచుకొనండి.

పని పూర్తయిన తరువాత వచ్చే చిక్కులు మరికొన్ని ఉన్నవి. పండుగకు గోడలకు రంగు వేయించేటప్పుడు మూతులకు కూడా పూస్తారు. రంగు పట్టిన గాజు ఆలస్యంగా పగులుతుంది, బిరడా అంటుకొనిపోవచ్చు. తుడిచి వాడవచ్చునని ఆశపడకూడదు. అట్టి మూతిని మార్చవలసినదే. కొన్ని మూతులు సీలింగులో పూర్తిగా దాగి, పైన ఒక తెల్లని బిళ్ళ మాత్రమే కనిపిస్తుంది. వేడికి ముందుగా ఆ బిళ్ళ ఊడిపడి, తరువాత మూతి కిందికి దిగుతుంది. ఆ బిళ్ళ అంచులకు సున్నమో, లప్పమో, రంగో పూసి అతికిస్తే మూతిని సమాధి చేసినట్లే.

అన్నిటికంటె సామాన్యమైన తప్పు, తెరచిన పలక. ఏసీ మరమ్మతుకు వచ్చినవాడు ఒక పలక తీస్తాడు, తిరిగి పెట్టడు. కరెంటువాడు మరొకటి. రెండడుగుల ఆ రంధ్రం నుండి వేడి పొర పొగగొట్టంలోకి పోయినట్లు పైకి పోతుంది. పక్కనే ఉన్న మూతికి చాలినంత వేడి తగలదు. మీరు ఇప్పుడే తల ఎత్తి మీ దుకాణం సీలింగు చూడండి. లేని పలకలు ఎన్ని కనిపిస్తున్నవి?

అంచనా, ఋణం, బీమా

సీలింగు పనికి ఋణం కోరే వ్యాపారి సీలింగు, గొట్టాలు, కరెంటు, ఏసీ ఈ నాలుగింటికీ ఒకే నక్షా మీద గుర్తులు పెట్టించి, ఒకే అంచనాగా తీసుకురావడం మేలు. వేర్వేరుగా అడిగితే నలుగురు మేస్త్రీలు నాలుగు దారులు పడతారు, చివరికి ఎవరి పని ఎవరికి అడ్డు వచ్చినదో తేలదు. పని వరుస కూడా ముఖ్యము. ముందు గొట్టాలు, తరువాత వాటిలో నీరు నింపి రెండు గంటలపాటు ఒత్తిడి పరీక్ష, ఎక్కడా చెమర్చలేదని రూఢి అయిన తరువాతనే పలకలు. కాంట్రాక్టరు తొందరపడి ముందే పలకలు మూస్తానంటే ఒప్పుకొనకండి. మూయకముందు తీసిన ఛాయాచిత్రాలను దాచుకొనండి. బిల్లు చెల్లించేటప్పుడూ, బీమా సర్వేయరు వచ్చినప్పుడూ అవి పనికి వస్తాయి. సొమ్ము దశలవారీగా విడుదలయ్యే ఋణమైతే, ఒత్తిడి పరీక్ష పూర్తయిన తరువాతనే గొట్టాల పనివానికి చివరి వాయిదా ఇచ్చేటట్లు ఒప్పందం వ్రాసుకొనండి.

అనుమతుల విషయంలో మన రెండు రాష్ట్రాలకూ మూలం 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టమే. మీ భవనం ఎత్తును, విస్తీర్ణాన్ని బట్టి స్ప్రింక్లర్లు తప్పనిసరియా కాదా అన్నది స్థానిక అగ్నిమాపక అధికారి చెబుతారు. తప్పనిసరి కానంత చిన్న దుకాణమైతే, డబ్బు చాలకుంటే, మా అభిప్రాయం ఇది: సగం స్ప్రింక్లర్లు పెట్టించుకొనడం కంటె ఫాల్స్ సీలింగునే మానుకొని, స్లాబుకు తెల్లరంగు వేసి, వెనుక వైపున రెండవ ద్వారం తెరిపించుకొనడం మంచిది.

బీమా గురించి ఒక మాట. సరుకును తాకట్టుగా చూపి క్యాష్ క్రెడిట్ తీసుకున్నవారు అగ్ని బీమా చేయించియే ఉంటారు. సరుకు నిజమైన విలువ కంటె తక్కువ మొత్తానికి చేయిస్తే, నష్టపరిహారం కూడా అదే నిష్పత్తిలో కోతపడుతుంది. పాక్షికంగా కాలినా ఈ కోత తప్పదు. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలకు మించని వ్యాపారాల కోసం ఉద్దేశించినది. దానిలో 15 శాతం దాకా తక్కువ బీమాను మన్నిస్తారు. స్ప్రింక్లర్ గొట్టం దానంతటదే కారి సరుకు తడిస్తే, ఆ నష్టం కూడా సాధారణంగా అగ్ని బీమా పరిధిలోనిదే. అయితే మరమ్మతులు చేస్తుండగా కారినా, లోపం ముందే తెలిసి ఊరకున్నా పరిహారం రాకపోవచ్చు. కాబట్టి సీలింగు మార్చే రోజులలో గొట్టాల కింద సరుకు ఉంచకండి. పండుగ సరుకు దిగినప్పుడు బీమా మొత్తాన్ని పెంచడం మరువకండి.

చివరగా నీరు. మూతులు ఎంత చక్కగా అమర్చినా వెనుక తొట్టి, పంపు, తెరచిన వాల్వు ఉండవలెను. మరమ్మతుకు కట్టిన వాల్వును తిరిగి తెరవక మరచిపోవడం, పంపు మీటను ఆటో నుండి తప్పించి వదలివేయడం తరచుగా జరిగే లోపాలు. వాల్వును తెరచిన స్థితిలో గొలుసు వేసి తాళం పెట్టండి. గొట్టం చివరన ఉండే పరీక్షా కుళాయిని నెలకొకసారి తిప్పి, ఒత్తిడి పడిపోగానే పంపు తనంతట తానే లేచినదా అని చూడండి. ఆ తేదీని, ముల్లు చూపిన ఒత్తిడిని ఒక పుస్తకంలో వ్రాయండి. అదే వాల్వు పక్కన గోడకు ఒక చిన్న ఎర్రని పెట్టె బిగించి, పైవీ కిందవీ రెండు రంగులలో కలిపి కనీసం ఆరు విడి మూతులను, వాటిని తిప్పే స్పానరును అందులో ఉంచండి. మామూలు స్పానరుతో తిప్పితే గాజు చిట్లుతుంది.